కంప్యూటర్‌లో రహస్య చొరబాటు: ఆనవాళ్లు, పరిశీలన

యజమానికి తెలియకుండా మరొకరు కంప్యూటర్‌లోకి ప్రవేశించి ఫైళ్లు చదవడం, తెరను చూడటం, కీబోర్డు మీద కొట్టిన ప్రతి అక్షరాన్నీ నమోదు చేసుకోవడం, కెమెరానూ మైకునూ వాడుకోవడం, ఒక్కోసారి లేని ఫైళ్లను తెచ్చి పెట్టడం రహస్య చొరబాటు కిందికి వస్తాయి. రాన్సమ్‌వేర్ దాడి దీనికి పూర్తిగా భిన్నం. అది తెర నిండా అక్షరాలతో డబ్బు అడుగుతుంది. 2017 మే నెలలో వానాక్రై వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు కార్యాలయాల్లోనూ, పశ్చిమ మేదినీపూర్ విద్యుత్ పంపిణీ కార్యాలయాల్లోనూ కంప్యూటర్లు స్తంభించాయి. ఆ సంగతి వెంటనే లోకానికి తెలిసిపోయింది. రహస్యంగా చొరబడినవాడు మాత్రం అలికిడి చేయడు. వాడి పని సాగాలంటే యజమాని కంప్యూటర్ మామూలుగా పనిచేస్తూనే ఉండాలి. అందువల్ల ఇలాంటి చొరబాటును పట్టించేది సాధారణంగా తెర మీది వింతలు కాదు, ఎక్కడో పొంతన కుదరని ఒక లెక్క.

ఈ విద్యలో మొదటి పాఠం కూడా లెక్కతోనే మొదలైంది. 1986లో అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలలో కంప్యూటర్ వాడకం పద్దులో 75 సెంట్లు తేడా వచ్చింది. ఆ తేడా ఎందుకొచ్చిందో చూడమని క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రవేత్తకు అప్పగించారు. డబ్బు కట్టని ఒక ఖాతా కనిపించింది. దాని వెనక ఉన్నవాడు జర్మనీలోని హనోవర్ నుంచి వస్తున్న మార్కుస్ హెస్ అని, అమెరికా సైనిక కంప్యూటర్లలో దొరికింది సోవియట్ గూఢచారి సంస్థకు అమ్ముతున్నాడని చాలా నెలల తర్వాత తేలింది. స్టోల్ చేసిన ఒక పని ఈనాటికీ గుర్తుంచుకోదగ్గది. చొరబాటుదారుడున్న కంప్యూటర్‌ను ఆయన నమ్మలేదు. లోపలికి వచ్చే ఫోను తీగలకు బయట ప్రింటర్లు తగిలించి, వాడు కొట్టే ప్రతి అక్షరం కాగితం మీద పడేలా చేశాడు. లోపలున్నవాడికి బయటి సాక్షి కనపడడు.

హైదరాబాద్ మహేశ్ బ్యాంకు ఉదంతం

తెలుగు నేల మీద ఈ విషయాన్ని అందరికీ అర్థమయ్యేలా చెప్పిన ఉదంతం ఆంధ్రప్రదేశ్ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకుది. 2021 నవంబరులో ఈ బ్యాంకు ఉద్యోగులకు 200కు పైగా ఫిషింగ్ మెయిళ్లు, అంటే నమ్మించి వల వేసే మోసపు ఉత్తరాలు వచ్చాయి. ఇద్దరు ఉద్యోగులు వాటిని తెరిచారు. ఆ కంప్యూటర్లలోకి రిమోట్ యాక్సెస్ ట్రోజన్ దిగింది. అంటే దూరాన కూర్చున్నవాడికి ఆ యంత్రాన్ని అప్పగించే దొంగ ప్రోగ్రాం అన్నమాట. ఆ తర్వాత రెండు నెలలకు పైగా బ్యాంకు పని రోజూలాగే నడిచింది. ఉద్యోగులు వచ్చారు, పాస్‌వర్డ్ కొట్టారు, లావాదేవీలు చేశారు, ఇళ్లకు వెళ్లారు. వాళ్లు కొట్టిన అక్షరాలు మాత్రం ఇంకెవరికో చేరుతూ వచ్చాయి.

2022 జనవరి 24న విషయం బయటపడేసరికి సుమారు 12.48 కోట్ల రూపాయలు పోయాయి. చొరబాటుదారులు ముందుగా ఎంచుకున్న నాలుగు ఖాతాల్లోకి డబ్బు మళ్లించారు. అక్కడి నుంచి 115 ఖాతాలకు, ఆపై 398 ఖాతాలకు పంచి, దేశవ్యాప్తంగా 938 ఏటీఎంల దగ్గర తీసుకున్నారు. ఆ ఏడాది మార్చి నెలాఖరులో అప్పటి హైదరాబాద్ పోలీసు కమిషనర్ సి.వి.ఆనంద్ ఈ వివరాలను వెల్లడించారు. బ్యాంకులో సర్వహక్కులుండే సూపర్ యూజర్ ఖాతాలు పది దాకా ఉన్నాయని, వాటిలో కొన్నింటికి ఒకే పాస్‌వర్డ్ ఉందని దర్యాప్తులో తేలింది. 2023లో రిజర్వు బ్యాంకు ఈ బ్యాంకుకు 65 లక్షల రూపాయల జరిమానా విధించింది.

ఇందులో తప్పంతా మెయిల్ తెరిచిన ఇద్దరిదే అనుకోవడం అన్యాయం. 200 మెయిళ్లలో రెండు తెరుచుకోవడం మానవ సహజం. సూపర్ యూజర్ ఖాతాలోకి ఎవరు, ఏ వేళప్పుడు, ఏ కంప్యూటర్ నుంచి వచ్చారో ఆ రెండు నెలల్లో ఎవరో ఒకరు రోజూ చూసుకుని ఉంటే కథ వేరుగా ఉండేది.

టికియాపారా లాంటి చోట

బ్యాంకును వదిలి ఇక చిన్న కొట్ల సంగతి చూద్దాం. పశ్చిమ బెంగాల్‌లోని హౌరా నుంచి ఖరగ్‌పూర్ వైపు కదిలిన రైలుకు తగిలే మొదటి స్టేషన్ టికియాపారా. సికింద్రాబాద్ వెళ్లే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో తెలుగువాళ్లు ఆగకుండా దాటిపోయే స్టేషన్ అది. పట్టాల పక్కన లోకల్ రైళ్ల కార్‌షెడ్డు, దాటగానే హౌరా పాత పారిశ్రామిక వాడలు. దగ్గరలోని బెలిలియస్ రోడ్డు లేత్ మిషన్లకు, చిన్న ఇంజనీరింగ్ వర్క్‌షాపులకు పేరు పొందింది. మహేశ్ బ్యాంకు లాంటి సంస్థకు కంప్యూటర్ల విభాగమంటూ ఒకటి ఉంటుంది. ఇలాంటి వాడల్లోని చిన్న కొట్టుకు ఉండేది సాధారణంగా ఒకే కంప్యూటర్. బిల్లులు, జీఎస్టీ లెక్కలు, బ్యాంకు లావాదేవీలు, ఇంటి పిల్లల చదువు అన్నీ దాని మీదే. పాస్‌వర్డ్ యజమానికీ, గుమస్తాకూ, లెక్కలు చూసేవాడికీ, మేనల్లుడికీ తెలుసు. ట్యాలీలో ఏదైనా చిక్కు వస్తే సరిచేసేవాడు ఎనీడెస్క్ పెట్టించి దూరం నుంచే సరిచేస్తాడు. పని అయ్యాక ఆ ప్రోగ్రాంను తీసేసేవారు అరుదు.

ఎవరూ లేనప్పుడు కూడా లోపలికి రావడానికి వీలుగా ఒక పాస్‌వర్డ్ పెట్టుకునే ఏర్పాటు అలాంటి ప్రోగ్రాముల్లో ఉంటుంది. ఒకసారి సాయానికి తెరిచిన తలుపు అలాగే ఉండిపోతుంది. అది హ్యాకింగ్ కాదు, మాల్వేర్ కాదు, యాంటీవైరస్ సాధారణంగా పట్టుకోదు. చిన్న దుకాణాలకు, ఇళ్లకు అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇదేనని ఈ వ్యాసకర్త నమ్మకం.

ఇదే తలుపును మోసగాళ్లు కూడా వాడుకుంటారు. కోల్‌కతాలో సాల్ట్ లేక్, న్యూటౌన్ ప్రాంతాల నకిలీ కాల్ సెంటర్లపై పోలీసు దాడుల వార్తలు చాలా ఏళ్లుగా వస్తున్నాయి. ‘మీ కంప్యూటర్‌లోకి ఎవరో చొరబడ్డారు, మేం బాగుచేస్తాం’ అని విదేశాల్లోని వృద్ధులకు ఫోన్ చేసి, వాళ్ల చేతే రిమోట్ ప్రోగ్రాం పెట్టించి, ఖాతాలు ఖాళీ చేయడం వీటి పద్ధతి. మైక్రోసాఫ్ట్, అమెజాన్ సంస్థల ఫిర్యాదులు కూడా అందాక 2023 అక్టోబరులో సీబీఐ ‘ఆపరేషన్ చక్ర-2’ పేరుతో పలు రాష్ట్రాల్లో 76 చోట్ల సోదాలు జరిపింది. చొరబాటు భయాన్నే చొరబాటుకు దారిగా మార్చుకున్న దుర్మార్గం ఇది. మీ కంప్యూటర్‌లో ఏదో ఉందని తమంతట తాము ఫోన్ చేసి చెప్పేవారిని నమ్మకూడదు.

అనుమానానికి తగిన కారణాలు, తగనివి

కంప్యూటర్ నెమ్మదించడం, ఫ్యాను గట్టిగా తిరగడం, బాణం గుర్తు దానంతట అది జరగడం చూసి చాలామంది భయపడతారు. పాతబడిన హార్డ్‌డిస్క్, వెనకాల నడుస్తున్న విండోస్ అప్‌డేట్, గంగ ఒడ్డు ఉక్కపోతలో చెమట చేతులతో తాకిన టచ్‌ప్యాడ్ ఈ మూడింటికీ తరచుగా కారణం. వీటిని ఒంటరిగా చూసి ఏ నిర్ణయానికీ రాకూడదు.

బరువైన ఆనవాళ్లు వేరు. మీరు పంపని మెయిల్ ‘పంపినవి’లో కనపడటం, అడగని ఓటీపీ రావడం, యాంటీవైరస్ దానంతట అది ఆగిపోయి ఉండటం, మీరు సృష్టించని యూజర్ ఖాతా కనిపించడం, కెమెరా వాడనప్పుడు దాని దీపం వెలగడం, మీరు ఒంటరిగా కంప్యూటర్‌లో చదివిన సంగతి ఇంకొకరి నోట వినపడటం. చివరిది సాంకేతిక ఆనవాలు కాకపోయినా చాలా నిజమైన ఉదంతాలు అక్కడే మొదలవుతాయి.

విండోస్ కంప్యూటర్‌ను పరిశీలించడం

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. ఆ క్షణాన నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా, కంప్యూటర్ పెట్టగానే మొదలయ్యేవాటి జాబితా అందులో ఉంటాయి. అంతకంటే లోతుగా చూపేది ఆటోరన్స్ అనే ఉచిత సాధనం. దీన్ని తయారుచేసిన మార్క్ రసినోవిచ్ పేరు ఈ రంగంలో ఇంకో కారణానికి కూడా నిలిచిపోయింది. 2005లో సోనీ బీఎంజీ సంస్థ తన పాటల సీడీలలో కంప్యూటర్‌కు కనపడకుండా దాక్కునే రూట్‌కిట్‌ను పెట్టిన సంగతి బయటపెట్టింది ఆయనే.

ఇంటర్నెట్ మీద ఆ కంప్యూటర్ ఎవరితో మాట్లాడుతోందో చూడాలంటే బ్రౌజర్ మూసేసి, కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్‌స్టాట్ ఆజ్ఞ ఇవ్వాలి. ఇంకాస్త సులువుగా చూడాలంటే టీసీపీవ్యూ అనే ఉచిత సాధనం చాలు. కొత్తవారికి ఆ జాబితాలో అన్నీ అనుమానంగానే కనిపిస్తాయి. విండోస్ తన అవసరాలకు తానే అనేక చోట్లకు అనుసంధానమవుతుంది కాబట్టి తొందరపడవద్దు. బయటి రాకపోకలకు తలుపుల్లాంటి పోర్టుల సంఖ్యలు రెండు గుర్తుంచుకుంటే మేలు: 3389 రిమోట్ డెస్క్‌టాప్‌కు, 5900 వీఎన్‌సీ అనే తెర పంచుకునే పద్ధతికి మామూలుగా వాడేవి.

అసలైన పద్దు పుస్తకం ఈవెంట్ వ్యూయర్. అందులోని సెక్యూరిటీ చిట్టాలో 4624 సంఖ్య విజయవంతమైన లాగిన్‌కు, 4625 విఫలమైన ప్రయత్నానికి, 4720 కొత్త యూజర్ ఖాతా సృష్టికి గుర్తు. 4624 వందలకొద్దీ కనిపిస్తుంది. ప్రతి నమోదులోనూ అది ఏ రకం లాగిన్ అన్నది టైప్ సంఖ్యతో ఉంటుంది. చాలావరకు కనిపించే టైప్ 5 లాగిన్‌లు విండోస్ సేవలు తమకు తాము చేసుకునేవి, వాటిని వదిలేయవచ్చు. టైప్ 2 అంటే సాధారణంగా ఎవరో ఆ కంప్యూటర్ ముందే కూర్చుని లోపలికి వచ్చారు. టైప్ 7 అంటే తాళం వేసిన తెరను తెరిచారు. టైప్ 10 అంటే దూరం నుంచి రిమోట్ డెస్క్‌టాప్ లాంటి దారిలో వచ్చారు. విండోస్ హోమ్ రకంలో రిమోట్ డెస్క్‌టాప్‌తో బయటివారు లోపలికి వచ్చే ఏర్పాటే ఉండదు కనుక, అక్కడ టైప్ 10 కనపడితే కారణం తెలిసేదాకా వదలకూడదు. మీరు ఊళ్లో లేని రోజున, షట్టర్ వేసిన తర్వాతి వేళలో టైప్ 2 ఉంటే ఎవరి దగ్గర తాళం చెవి ఉందో గుర్తు తెచ్చుకోండి.

చిట్టాను ఎవరైనా చెరిపేస్తే ఆ చెరిపిన సంగతి 1102 సంఖ్యతో అందులోనే నమోదవుతుంది. ఖాళీగా ఉన్న చిట్టా కూడా సాక్ష్యమే. అయితే ఈ సెక్యూరిటీ చిట్టాకు మామూలుగా కేటాయించిన చోటు 20 ఎంబీ మాత్రమే. అది నిండాక పాత నమోదుల మీద కొత్తవి పడతాయి. అనుమానం వచ్చిన రోజే చూసి, ఫైలుగా భద్రపరచుకోవాలి.

ఎనీడెస్క్, అలాంటిదే అయిన టీమ్‌వ్యూయర్‌ల ద్వారా జరిగే రాకపోకలు ఈ చిట్టాలో టైప్ 10గా పడవు. వాటికి సొంత పద్దులున్నాయి. టీమ్‌వ్యూయర్ తన ఫోల్డరులో ‘కనెక్షన్స్ ఇన్‌కమింగ్’ అనే పేరున్న ఫైలులో ఎవరు, ఎప్పుడు వచ్చి ఎప్పుడు వెళ్లారో రాసి పెడుతుంది. ఎనీడెస్క్ ‘కనెక్షన్ ట్రేస్’ అనే ఫైలులో రాస్తుంది. చిన్న దుకాణాల్లో ముందుగా చూడాల్సినవి ఇవే. మాక్, లైనక్స్ యంత్రాల్లో టెర్మినల్ తెరిచి ‘లాస్ట్’ అని కొడితే లాగిన్‌ల వరుస వస్తుంది.

కీబోర్డు తీగ వెళ్లి సీపీయూకు తగిలే చోట వేలెడంత పరికరం ఏదైనా ఉందేమో వంగి చూడటం కూడా పరిశీలనలో భాగమే. అక్షరాలను దాచుకునే ఆ కీలాగర్ పరికరం ఏ ప్రోగ్రాంకూ కనపడదు, కంటికి మాత్రం కనపడుతుంది.

కంప్యూటర్ కాదు, ఖాతా

చాలా సందర్భాల్లో చొరబాటు జరిగేది కంప్యూటర్‌లో కాదు, ఖాతాలో. జీమెయిల్‌ను కంప్యూటర్‌లో తెరిస్తే పేజీ అడుగున చివరి వాడకం వివరాలు ఉంటాయి. గూగుల్ ఖాతాలో ‘మీ పరికరాలు’ అనే చోట ఏ ఫోను, ఏ కంప్యూటర్ లాగిన్ అయి ఉన్నాయో కనిపిస్తుంది. మెయిల్ సెట్టింగుల్లో ఫార్వార్డింగ్ చూడటం మరవవద్దు. వచ్చిన ప్రతి ఉత్తరం నకలును ఇంకో చిరునామాకు పంపే ఏర్పాటు ఒకసారి పెడితే, పాస్‌వర్డ్ మార్చినా అది ఆగదు. వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైసెస్’ తెరిస్తే మీ సందేశాలు ఇంకే కంప్యూటర్‌లో తెరుచుకుంటున్నాయో తెలుస్తుంది. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు, ఎక్స్‌టెన్షన్లు కూడా చూసుకోవాలి.

యంత్రమే అబద్ధం చెబితే

పైన చెప్పిన పరిశీలనలన్నిటికీ ఒక హద్దు ఉంది. లోపల దిగినవాడు ఆపరేటింగ్ సిస్టమ్‌నే మార్చేస్తే టాస్క్ మేనేజరూ, చిట్టాలూ వాడు చూపించమన్నదే చూపిస్తాయి. అప్పుడు కావాల్సింది స్టోల్ ప్రింటర్ల లాంటి బయటి సాక్షి. విండోస్ తెరుచుకోకముందే పరిశీలించే మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్, ఇంటి వైఫై రూటర్‌లో కనిపించే పరికరాల జాబితా, వేరే శుభ్రమైన ఫోను నుంచి చూసిన ఖాతా వివరాలు అలాంటివి.

పెద్ద సంస్థలకూ ఇలా బయటి సాక్షే అవసరమవుతుంది. 2019 సెప్టెంబరులో కూడంకుళం అణువిద్యుత్ కేంద్రం పరిపాలన నెట్‌వర్క్‌లోని కంప్యూటర్‌లో మాల్వేర్ ఉందన్న సంగతి భారత అణువిద్యుత్ సంస్థకు కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ద్వారా తెలిసింది. అక్టోబరు 30న అణువిద్యుత్ సంస్థ దాన్ని ధ్రువీకరించింది. 2009లో ధర్మశాలలోని దలైలామా కార్యాలయం అనుమానంతో కెనడా పరిశోధకులు చూసినప్పుడు బయటపడిన ఘోస్ట్‌నెట్ అనే గూఢచర్య వల 103 దేశాల్లో 1,295 కంప్యూటర్లలో ఉంది. సైబర్ భద్రతా సంస్థ మాండియంట్ తాను దర్యాప్తు చేసిన ఉదంతాల లెక్కను ఏటా ప్రకటిస్తుంది. చొరబాటు బయటపడేలోగా గడిచిన మధ్యస్థ కాలం 2011లో 416 రోజులు, 2023లో 10 రోజులు. అయినా 2023లో సగానికి పైగా సందర్భాల్లో బాధితులకు ఆ కబురు బయటివారి నుంచే అందింది.

ఈ వరసలో తెలుగువారికి దగ్గరి ఉదంతం ఒకటి ఉంది. దాని మీద న్యాయస్థానంలో వాదం ముగియలేదు కాబట్టి ఎవరేమన్నారో అలాగే చెప్పాలి. భీమా కోరేగావ్ కేసులో నిందితుడైన రోనా విల్సన్ ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్క్ నకలును అమెరికాకు చెందిన ఆర్సెనల్ కన్సల్టింగ్ సంస్థ పరిశీలించి 2021 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. 2016 జూన్ 13న, అదే కేసులో నిందితుడైన తెలుగు కవి వరవరరావు మెయిల్ ఖాతా నుంచి ఎవరో పంపిన ఉత్తరంలోని ఫైలును తెరవడంతో నెట్‌వైర్ అనే ట్రోజన్ దిగిందని, 22 నెలల పాటు అది ఆ యంత్రంలో ఉందని, కేసుకు ఆధారమైన పది ఉత్తరాలను దాని ద్వారా కనపడని ఫోల్డరులో పెట్టారని ఆ నివేదిక సారాంశం. కేసును దర్యాప్తు చేస్తున్న జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ) ఈ వాదనను అంగీకరించలేదు. స్వీడన్‌లో 1999లో ఒక న్యాయశాస్త్ర పండితుడి కంప్యూటర్‌లో నేరపూరిత చిత్రాలు దొరికితే, వాటిని నెట్‌బస్ అనే రిమోట్ ప్రోగ్రాం ద్వారా బయటివారు పెట్టి ఉండవచ్చన్న వాదన నిలిచి, 2004లో ఆయన నిర్దోషిగా బయటపడ్డాడు. ఈలోగా ఉద్యోగం పోయింది. కంప్యూటర్‌లో దొరికినదంతా యజమానిదే అనుకోవడం ఎంత ప్రమాదమో న్యాయవ్యవస్థలు ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాయి.

తెలిసినవాళ్లే చూస్తుంటే

వ్యక్తుల విషయంలో చొరబాటుదారు తరచుగా పాస్‌వర్డ్ తెలిసిన మనిషే. భర్త, మాజీ స్నేహితుడు, ఉద్యోగం మానేసిన గుమస్తా, రిపేరుకు ఇచ్చినచోటి కుర్రాడు. ఇంట్లో హింస ఉన్నచోట నిఘా ప్రోగ్రాంను హఠాత్తుగా తీసేస్తే చూస్తున్నవాడికి వెంటనే తెలిసిపోతుంది. అప్పుడు ఆ స్త్రీకి ముప్పు పెరగవచ్చు. అలాంటివారు ముందుగా వేరొకరి ఫోను నుంచి మహిళల సహాయ సంఖ్య 181కి మాట్లాడి, తమ భద్రత చూసుకున్నాకే కంప్యూటర్ సంగతి చూడటం మంచిది.

చట్టం, ఫిర్యాదు

2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 43వ సెక్షన్ ప్రకారం యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి ప్రవేశించడమే తప్పు. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇతరుల పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడితే 66సి వర్తిస్తుంది. భార్యాభర్తలకు ఇందులో మినహాయింపు లేదు. ప్రభుత్వ సంస్థలు చూడాలంటే 69వ సెక్షన్ కింద రాతపూర్వక ఆదేశం ఉండాలి. పెగాసస్ అనే నిఘా ప్రోగ్రాం వాడారన్న ఆరోపణల మీద 2021 అక్టోబరు 27న సాంకేతిక కమిటీని నియమించిన సుప్రీంకోర్టు ధర్మాసనానికి నేతృత్వం వహించింది తెలుగువాడైన అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి.రమణ. దేశభద్రత అనే మాట చెప్పి ప్రభుత్వం ప్రతిసారీ తప్పించుకోలేదని ఆ ఉత్తర్వు స్పష్టం చేసింది.

చొరబాటు జరిగిందని నమ్మకం కుదిరితే ముందు ఇంటర్నెట్ తీగ తీసేయాలి, వైఫై ఆపాలి. తర్వాత తెర ఫొటోలు వేరే ఫోనుతో తీయాలి, చిట్టాలను పెన్‌డ్రైవ్‌లో దాచాలి. పాస్‌వర్డులు మార్చేది ఆ కంప్యూటర్ నుంచి కాదు, వేరే యంత్రం నుంచి. మార్చి, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవాలి. ఫిర్యాదు ఉద్దేశం ఉంటే విండోస్‌ను అప్పుడే మళ్లీ ఎక్కించవద్దు. దాంతో సాక్ష్యం పోతుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం కావాలి కాబట్టి, పోలీసులు చూసేదాకా యంత్రాన్ని కదపకపోవడమే మేలు. ఫిర్యాదు అవసరం లేదనుకుంటే, ముఖ్యమైన పత్రాలను మాత్రం తీసుకుని డిస్క్ మొత్తం చెరిపి విండోస్‌ను కొత్తగా ఎక్కించడమే నమ్మదగిన వైద్యం. యాంటీవైరస్ ఒకటి తీసేసిందని ఊరుకోవడం కాదు.

డబ్బు పోతే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ సంఖ్య 1930కి ఫోన్ చేయాలి. ఆ సంఖ్య టికియాపారాలోనూ విజయవాడలోనూ ఒకటే. టికియాపారావారికి హౌరా సిటీ పోలీసు సైబర్ క్రైమ్ స్టేషన్, హైదరాబాద్‌వారికి నగర సైబర్ క్రైమ్ విభాగం ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం ఉచితంగా శుభ్రపరిచే సాధనాలు ఇస్తుంది.

ఎవరైనా ‘నా కంప్యూటర్ ఎవరో చూస్తున్నారు’ అని మీ దగ్గరికి వస్తే భ్రమ అని పంపేయకండి. పక్కన కూర్చుని ఆ లాగిన్‌ల చిట్టా, ఆ ‘కనెక్షన్స్ ఇన్‌కమింగ్’ ఫైలు వాళ్లతో కలిసి తెరవండి.